"ఏమీ రాదండి" అన్నందుకు

పిచ్చుక ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికి. ఏడాది తర్వాత తను తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే, కన్నకూతురు పరిగెత్తి వాళ్ల నానమ్మ వెనక దాక్కుని, "అమ్మా, ఎవరో వచ్చారు" అని ఆ నానమ్మతోనే చెబుతుందేమోనని.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు, కళ్లారా చూసి తెచ్చుకున్నది. పిచ్చుక తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్లమ్మకి వేరే ఊళ్లో, చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది. ఇంట్లో ఎనిమిది నెలల తమ్ముడు. వాణ్ణి ఎవరు చూస్తారు? అక్క చూస్తుంది. ఒక్క ఏడాది బడి మానేస్తే ఏం పోయింది, పై ఏడు మళ్లీ వెళ్తుందిలే అన్నారు. ఆ ఒక్క ఏడాది ఇంతవరకూ పూర్తి కాలేదు. వాడికి పాలు పట్టింది తను, జ్వరమొస్తే భుజాన వేసుకుని వరండా అంతా తిరిగింది తను, మొదటి అడుగు వేయించింది తను. రెండు నెలలకోసారి అమ్మ వచ్చి రెండు రోజులుండి వెళ్లేది. వాడికి రెండేళ్లు దాటాక ఓసారి అలాగే వస్తే, గబగబా వచ్చి పిచ్చుక మోకాళ్లు పట్టేసుకుని "అమ్మా, ఆవిడొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, చేతిలో సంచి కింద పెట్టడం మర్చిపోయి ఎంతసేపు అలా నిలబడిపోయిందో పిచ్చుక ఒక్కతే చూసింది.

పిచ్చుక అంటే ఇంట్లో పెట్టిన పేరు కాదు. టైర్ల కొట్టు మీద మేడలో ఉన్న సాధన హాల్లో మాస్టారు పెట్టిన పేరు. పదిహేడేళ్లప్పుడు ఆ హాలు తుడవడానికి పనికి వెళ్లింది. కింద నుంచి రబ్బరు వాసన, పైన చెమట వాసన, మధ్యలో గది నిండా పరిచిన మందపాటి చాపలు. ఆ చాపల మీద మనుషులు ఒకళ్లనొకళ్లు ఎత్తి పడేసుకోవడం, మళ్లీ లేచి వంగి దణ్ణాలు పెట్టుకోవడం చూసి మొదట్లో వీళ్లకేమైనా పిచ్చా అనుకుంది. కత్తీ కర్రా లేని విద్య అది. ఎదుటివాడు ఎంత బలంగా మీదికొస్తే అంత బలంగా వాణ్ణే కింద పడేయడం. వేరే దేశంలో పుట్టిన విద్య. తుడుస్తూ తుడుస్తూ చూసి, ఒకరోజు ఎవరూ లేరనుకుని ఒక్కతే వెనక్కి పడి చూసుకుంది. గుమ్మంలో మాస్టారున్నారు. తిడతారనుకుంటే, "గడ్డం గుండెకి ఆనించి పడు, లేకపోతే తల పగులుద్ది" అన్నారు. అలా మొదలైంది. ఎనిమిదేళ్లయింది. మధ్యలో పెళ్లి, పాప. పాప కడుపులో ఉన్నన్నాళ్లూ గోడ దగ్గర కూర్చుని చిన్నపిల్లల సాధనకి ఒకటీ రెండూ అని అంకెలు లెక్కపెట్టింది. పాప పుట్టాక నాలుగో నెల నుంచి మళ్లీ చాప ఎక్కింది. పాప ఆ చాప అంచున పాకింది, అక్కడే నిలబడింది, అక్కడే మాటలు నేర్చింది.

ఆ హాల్లో ఒక పద్ధతుంది. ఎంత పెద్దవాళ్లయినా, ఎన్నేళ్ల నుంచి వస్తున్నవాళ్లయినా, చాప మీద కాలు పెట్టేముందు గుమ్మం దగ్గర ఆగాలి. మాస్టారు కుర్చీలోంచి అడుగుతారు, "నీకేం వచ్చు?" అని. నిటారుగా నిలబడి, రెండు చేతులూ తొడలకి ఆనించి, "ఏమీ రాదండి" అనాలి. అప్పుడాయన "అయితే రా" అంటారు. ఇంకో జవాబు చెప్పినవాళ్లకి ఆ పూట సాధన లేదు, చీపురే. రోజుకోసారి చొప్పున ఎనిమిదేళ్లు పిచ్చుక ఆ మాట చెప్పింది. పేరు అడిగితే పేరు చెప్పినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తుంది.

మాస్టారి తుంటి అరిగిపోయింది. మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆయన తర్వాత హాలు నడపాలంటే ఆ విద్య పుట్టిన దేశంలో, మూలబడిలో, ఏడాది పాటు ఉండి నేర్చుకుని రావాలి. అలా వచ్చినవాళ్లకే నేర్పే అనుమతి. అంతకుముందు ముగ్గురు మగవాళ్లు వెళ్లొచ్చారు. ముగ్గురూ వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఈసారి మాస్టారు పిచ్చుక పేరు రాసి పంపారు. రెండు నెలలకి జవాబొచ్చింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివి అర్థం చెప్పారు. ఏడాది శిక్షణ, ఉండటానికి గది, రోజుకి ఆరు గంటల సాధన, చివర్లో ఒక వాక్యం: మీ కోసం ఎదురుచూస్తుంటాం. పిచ్చుకకి ఆ వాక్యం రెండోసారి చదివించుకోవాలనిపించింది. బడి మానేసిన రోజు నుంచి తన కోసం ఏ బడీ ఎదురుచూడలేదు మరి.

ఇంట్లో చెప్తే మొగుడు ముందు నడుం రుద్దుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. రోజంతా ఇరుకు గుంతల్లో వంగి ఇంటికొస్తే, పెళ్లాం కొత్త పట్టు నేర్చుకొచ్చిందంటే దాన్ని చూపించేది అతని మీదే. "వెళ్లిరా, ఏడాది పాటు నా ఎముకలు నావే అనుకుంటాను" అన్నాడు. అత్త కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే, "ఇంట్లో వాళ్లని పడేసింది చాలకనా, దేశం దాటి వెళ్లి పడేయడం?" అంది. అని, ఆ మర్నాడే టేపు తెచ్చి కోడలి భుజాలు కొలిచింది. ఎంత లాగినా చిరగని బట్ట కావాలట, రెండు జతలు తనే కుడుతుందట. ఆవిడ ఒప్పుకోలు అలాగే ఉంటుంది. నోరు ఒక దారి, చేతులు ఒక దారి.

పాపని ఎవరు చూస్తారన్న ప్రశ్నే రాలేదు. ఎవరు చూస్తారో అందరికీ తెలుసు. పిచ్చుక భయం కూడా సరిగ్గా అదే. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక వీసా. మూడు నెలలు దాటి ఉండాలంటే పర్యాటకుల వీసా పనికిరాదు, ఎక్కువకాలం ఉండే వీసా కావాలి. దానికి కాగితాలు తిరిగి తిరిగి తెచ్చింది. మూలబడి ఉత్తరం, గది ఇస్తామన్న ఉత్తరం, పోలీసుల దగ్గర్నుంచి కాగితం, డాక్టరు దగ్గర్నుంచి కాగితం. వీసా ఆఫీసు ప్రహరీ పక్కన బల్ల వేసుకుని ఫారాలు నింపిపెట్టే ఒకాయన ఉన్నాడు. అందరూ ఫారాల బాబాయి అంటారు. పొట్టిగా, నోట్లో ఎప్పుడూ పెన్ను మూతతో ఉంటాడు. ఆయన అన్నీ చకచకా నింపుకుంటూ వచ్చి, పిల్లలు అన్న గడి దగ్గర ఆగాడు.

"ఎంతమంది?"

"ఒక్కతే. మూడేళ్లు."

బాబాయి పెన్ను మూత ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, గొంతు తగ్గించి, ఇక్కడ సున్నా వేద్దాం అన్నాడు. ఆడమనిషి, చిన్నపిల్ల తల్లి అని కనపడితే లోపలివాళ్లు లక్ష ప్రశ్నలు వేస్తారట. లేదంటే పోయేదేముంది, కాగితమేగా అట. తను చెప్పింది విన్నవాళ్లంతా ఇప్పుడు విమానాల్లో ఉన్నారట.

పిచ్చుకకి ఒళ్లు మండింది. ఏ భయంతో రోజూ ఉలిక్కిపడుతోందో, ఆ పని తనే, తన సంతకంతో చేయమంటున్నాడీయన. పిల్లలు లేరని తల్లే రాసిచ్చాక, తల్లి లేదని పిల్ల అంటే తప్పేముంది?

"ఒకటి అని రాయండి బాబాయ్. పేరు రాసే చోటుంటే పేరు కూడా రాయండి."

"నీ ఇష్టం తల్లీ. రేపు నా బల్ల దగ్గరికొచ్చి ఏడవకు."

"ఏడిస్తే ఆ పక్క బల్ల దగ్గర ఏడుస్తాలెండి."

ఆ ఆఫీసులో కిటికీలన్నీ దళసరి అద్దాలవి. లోపలివాళ్లు మైకులో మాట్లాడతారు, బయట హాల్లోకి మోగుతుంది. ఎవరి బతుకు ఏమిటో వరసలో కూర్చున్న అరవై మందికీ వినపడాల్సిందే. పిచ్చుక టోకెన్‌కి ముందు టోకెన్ ఒక వంటాయనది. హోటల్లో వంట చేస్తాడట, అక్కడ రెండేళ్ల శిక్షణకి వెళ్తున్నాడట. పిల్లలెంతమందండీ అని అడిగాడు అధికారి. ముగ్గురు, చిన్నవాడికి ఏడు నెలలు అన్నాడు వంటాయన. "ముగ్గురా? ఇంకేం, మీరు తిరిగి రాకుండా ఎక్కడికి పోతారు" అని అధికారి నవ్వాడు, వంటాయనా నవ్వాడు, హాల్లో కొందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. తన వంతు వచ్చేసరికి ఆయన మంచి హుషారులో ఉన్నాడు కదా అనుకుంది.

కిటికీ ముందు నిలబడగానే ఆ హుషారు ఆరిపోయింది. మీరు కాస్తా నువ్వు అయింది. చదువు తొమ్మిదితో ఆపేశావు, ఇప్పుడు వేరే దేశం వెళ్లి నేర్చుకుంటావా అన్నాడు. బడి వాళ్లు రమ్మన్నారండి అని ఉత్తరం చూపించింది. అదలా పక్కన పెట్టి, మూడేళ్ల పిల్లని ఎవరి మొహాన పడేసి వెళ్తున్నావు అన్నాడు. మా అత్తగారు చూస్తారండి అంది. మీ ఆయన ఒప్పుకున్నట్టు ఉత్తరమేది అన్నాడు. అడిగిన కాగితాల పట్టికలో అది లేదండి అంది. లేకపోయినా తేవాలనిపించలేదా అన్నాడు. వెనక అరవై మంది. వీపు మీద అందరి కళ్లూ తెలుస్తున్నాయి.

"మూడేళ్ల పిల్లని వదిలి ఏడాది పోయే తల్లి తిరిగొస్తుందని నన్నెలా నమ్మమంటావు?"

ముగ్గురుంటే తిరిగొస్తాడు, ఒక్కతే ఉంటే తిరిగిరాదు, ఇదెక్కడి లెక్క అన్న మాట పిచ్చుక గొంతులోనే చిక్కుకుంది. ఈలోగా ఆయన ఫారం తిరగేసి, "ఎనిమిదేళ్లు సాధన చేశానని రాశావు. ఇంతకీ నీకేం వచ్చు?" అన్నాడు.

అంతే. వెన్ను దానంతటదే నిటారైంది. రెండు చేతులూ తొడలకి ఆనాయి.

"ఏమీ రాదండి" అంది పిచ్చుక, గట్టిగా, స్పష్టంగా.

అని, అయితే రా అంటాడని ఒక్క క్షణం నిజంగా ఎదురుచూసింది. ఆయన పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. అప్పుడు తెలిసింది ఏం చేసిందో. అదికాదండీ అనబోయేసరికి మైకు ఆగిపోయింది, తర్వాతి టోకెన్ అంకె వెలిగింది.

తొమ్మిదో రోజు కవరొచ్చింది. వీసా ఇవ్వడం లేదు. కారణాలు రెండు. ఒకటి, దరఖాస్తుదారుకి సదరు విద్యలో ఏ ప్రవేశమూ లేదని ఆమే స్వయంగా ఒప్పుకుంది. రెండు, చిన్నపిల్లని వదిలి వెళ్తున్న దృష్ట్యా తిరిగి వస్తుందన్న నమ్మకం కలగడం లేదు.

మొగుడు చదివి వినిపిస్తుంటే మొదటి కారణం దగ్గర అత్తకి నవ్వు ఆగలేదు. మిషన్ మీద తల పెట్టుకుని నవ్వింది. ఇంట్లో బీరువాని కూడా పడేసేలా ఉండే మనిషి, అక్కడికెళ్లి ఏమీ రాదంటుందా అని. రెండో కారణం దగ్గర ఆ నవ్వు టక్కున ఆగింది. ఇంకోసారి చదవమంది. చదివాడు. ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టింది, చాలా మెల్లగా. ఆవిడకి నిజంగా కోపమొస్తే చప్పుడు చేయదు.

"వదిలి వెళ్లడమంటే? నేనున్నాను కదా ఇంట్లో. నా దగ్గరుంటే వదిలేసినట్టా? నేను మనిషిని కాదా, మిషన్‌కి బిగించిన మేకునా?" అంది. ఆ మధ్యాహ్నమంతా ఎవరి జాకెట్టో కుడుతూ అధికారిని తిడుతూనే ఉంది. ఆ జాకెట్టుకి ఒక చెయ్యి పొడుగైపోయింది.

పిచ్చుక కోపం వేరే చోటికి వెళ్లింది. సాయంత్రం సాధన టైముకి పాపని చంకనేసుకుని మెట్లెక్కింది. సాధనకొచ్చే అమ్మాయిలంతా అప్పటికే చాప మీదున్నారు. మాస్టారు ఎప్పట్లాగే "నీకేం వచ్చు?" అన్నారు. "ఏమీ లాదండి" అంది పాప చంకలోంచి. "అయితే రా" అన్నారు మాస్టారు. పాప జారి దిగి చాప మీదికెళ్లిపోయింది. పిచ్చుక గుమ్మంలోనే నిలబడింది.

"ఆ మాట ఇంక నా నోట రాదు మాస్టారూ. ఆ మాటే నా కొంప ముంచింది" అని కాగితం ఆయన ఒళ్లో పెట్టింది. పెట్టి, ఎనిమిదేళ్లలో ఎప్పుడూ లేనిది, ఆయన్ని నిలదీసింది. వచ్చినదాన్ని రాదని చెప్పడం అలవాటు చేశారు. మీ గుమ్మంలో అది గొప్ప. బయట ఏ గుమ్మంలోనైనా అలా అన్నవాళ్లని తోసేస్తారే, ఆ సంగతి మీకు తెలీదా? మీరు పంపిన ముగ్గురికీ ఇలా కాలేదేం?

మాస్టారు కాగితం చదివి, మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. అమ్మాయిలు సాధన ఆపి చూస్తున్నారు.

"వాళ్ల ముగ్గుర్నీ ఆ కిటికీలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. "మగాడు నేర్చుకున్నానంటే నమ్మేస్తారు. నువ్వంటే నీకేం వచ్చని అడిగారు. ఆ మాట నేను నేర్పింది ఈ చాప కోసం, ఆ అద్దం కోసం కాదు. ఆ తేడా ఆడపిల్లకి చెప్పాలని నాకు తట్టలేదు. తప్పు నాది."

ఆయన తప్పు నాదంటారని పిచ్చుక అనుకోలేదు. అనేసరికి తిట్టడానికి మిగిలిందేమీ లేక, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కోపం మాత్రం పోలేదు. దాన్ని పడేయడానికి సరైన మనిషి దొరకాలి, అంతే.

కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉంది, ముప్పై రోజుల్లోగా మళ్లీ పరిశీలించమని రాసుకోవచ్చని. ఫారాల బాబాయి అప్పటికే రెడీగా ఒక నమూనా పెట్టుకున్నాడు. అందులో అంతా తమరు, దయతో, కరుణించి. పిచ్చుక వద్దంది. తన తొమ్మిదో తరగతి చేతిరాతతోనే, మూడు కాగితాలు చించి పారేశాక, నాలుగో దాని మీద కుదురుగా రాసింది. మా హాల్లో ఈ పద్ధతుంది, ఇలా అడుగుతారు, ఇలా చెప్పాలి, మీరు అవే మాటలు అడిగారు, నేను అదే జవాబు చెప్పాను. నాకేం వచ్చో కింద రాస్తున్నాను అని, తనకి వచ్చిన ఇరవై ఆరు పట్లూ వరసగా రాసింది. మొదటిది: పడటం. మాస్టారు పక్కన సాక్షి సంతకం పెట్టారు. అక్షరదోషాలున్నాయా అని మొగుణ్ణి అడిగితే, ఉన్నాయి, ఉండనీ, మనిషి రాసినట్టుంది అన్నాడు.

పిలుపొచ్చింది. ఈసారి అత్త కూడా బయల్దేరింది, పాపని ఎత్తుకుని. ఎందుకత్తయ్యా అంటే, మేకుని వాడికి చూపిద్దామని అంది. వచ్చి హాల్లో మొదటి వరసలో, స్పీకరు కిందే కూర్చుంది.

అదే కిటికీ, అదే ఆయన. పక్కన కొత్తగా టైపు చేసే ఆవిడొకరు. ఆయన ఉత్తరం పైకెత్తి పట్టుకుని, ఎనిమిదేళ్లు నేర్చుకున్నవాళ్లు ఏమీ రాదని చెప్పే పద్ధతి ఎక్కడైనా ఉంటుందా, నిన్నగాక మొన్న అల్లిన కథ కాదా ఇది అన్నాడు. అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు రాసింది నిజమా అన్నాడు. రెండూ నిజమే సార్ అంది పిచ్చుక. ఆయన పెదవి విరిచాడు. ఉత్తరంలోకి చూస్తూ వెటకారంగా, మైకు దగ్గరికి జరిగి, "అయితే మీ మాస్టారు రోజూ ఇలా అడుగుతారన్నమాట. నీకేం వచ్చు?" అన్నాడు.

స్పీకరు మోగింది. మోగీ మోగగానే వెనక మొదటి వరసలో ఒక చిన్న ఆకారం అత్త ఒళ్లోంచి జారి నేల మీద నిటారుగా నిలబడింది.

"ఏమీ లాదండి" అంది పాప, హాలంతా వినపడేలా, చేతులు రెండూ తొడలకి ఆనించి.

అరవై మందీ ఒక్కసారి తిరిగి చూశారు. ఎక్కడ్నుంచి వచ్చిందో ఒక నవ్వు బయల్దేరి వరస వరసా పాకింది. పాప ఎవర్నీ చూడలేదు. స్పీకరు వంకే చూస్తోంది, అయితే రా అంటుందని. ఎంతకీ అనకపోయేసరికి మొహం చిన్నబుచ్చుకుంది. అద్దం అవతల టైపు చేసే ఆవిడ చేతులు ఆపేసి నోరు మూసుకుని నవ్వుతోంది. అధికారి ఒక్కడే నవ్వలేదు.

"ఎవరా పిల్ల?"

"నేను వదిలేసి పోతానని మీరు రాశారే సార్, ఆ పిల్ల."

అని పిచ్చుక ఆగలేదు. ఇన్నాళ్లూ గొంతులో చిక్కుకున్నది ఇప్పుడు దారి చూసుకుంది. గొంతు పెంచలేదు. చాప మీద కూడా గొంతు పెంచేవాళ్లే ముందు పడిపోతారు.

"పోయినసారి నా ముందు ఒక వంటాయన నిలబడ్డారు సార్. ముగ్గురు పిల్లలు. రెండేళ్లు వెళ్తున్నారు. ముగ్గురున్నారు కాబట్టి తప్పకుండా తిరిగొస్తారని మీరే అన్నారు, ఇక్కడున్న వాళ్లంతా విన్నారు. పిల్లల్ని ఎవరి మొహాన పడేసి వెళ్తున్నావని ఆయన్ని అడగలేదు. వాళ్లావిడ ఒప్పుకున్నట్టు ఉత్తరం తెమ్మని అడగలేదు. నాకు పిల్ల లేదని రాయమని బయట చెప్పారు. నేను ఉందని రాశాను. ఉందని రాసినందుకే నన్ను నమ్మనన్నారు. లేదని అబద్ధం రాస్తే నమ్మేవారా? అది చెప్పండి సార్, రాసుకుంటాను. బయట వరసలో ఇంకా తల్లులున్నారు, వాళ్లకి చెప్తాను."

హాల్లో నవ్వు ఎప్పుడు ఆగిందో తెలీదు. మైకు చిన్నగా గుయ్యిమంటోంది. అధికారి ఉత్తరం బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీశాడు, ఇరవై ఆరు పట్ల జాబితా మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివాడు, లేదా చదివినట్టు కనిపించాడు.

"మీకు పోస్టులో తెలియజేస్తాం" అన్నాడు.

మీకు అన్నాడు. అత్త అది గమనించింది. ఇంటికెళ్లేదాకా ఆ ఒక్క ముక్కనే నాలుగుసార్లు తలుచుకుంది.

పదహారు రోజులకి పాస్‌పోర్టు వచ్చింది. లోపల వీసా అంటించి ఉంది. ఏడాది. మొగుడు పాపని ఎత్తి గిరగిరా తిప్పాడు. పిచ్చుక దాన్ని తీసుకుని, ఎందుకైనా మంచిదని, ఫారాల బాబాయికి చూపించింది. ఆయన అక్షరాలన్నీ వెతికి వెతికి, పెన్ను మూత నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన అలా తీయడం పిచ్చుక ఎప్పుడూ చూడలేదు.

"ఒకసారి వెళ్లడానికే ఇచ్చారమ్మా. అక్కడ్నుంచి బయటికొస్తే వీసా చచ్చిపోయినట్టే. మధ్యలో పిల్లని చూద్దామని వారం రోజులు వచ్చావా, ఇంక మళ్లీ వెళ్లలేవు."

వంటాయన ఫారం కూడా బాబాయే నింపాడు. ఆయనకి ఎన్నిసార్లైనా వచ్చిపోయే వీసా ఇచ్చారు. రెండేళ్లకీ. పిచ్చుక ఆ గోడ పక్కన చాలాసేపు నిలబడింది. తిరిగిరాదని అనుమానించినవాళ్లే తిరిగిరావడానికి వీల్లేకుండా రాసిచ్చారు. ఎవర్ని అడగాలి? మళ్లీ ముప్పై రోజులు, మళ్లీ ఉత్తరం, ఈలోగా బడి మొదలైపోతుంది. వాళ్లకి తెలియక ఇలా చేశారా, తెలిసే చేశారా? ఏదైనా ఒకటే. నమ్మలేదు, గెలవనిచ్చినట్టే ఇచ్చి గోడ కట్టారు.

ఆ రోజు ఇంటికొచ్చి బట్టలు సర్దలేదు. అత్త కుట్టిన రెండు జతలూ మంచం మీదే ఉన్నాయి. ఏమైందే అని అత్త అడిగితే, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి మొదటిసారి చెప్పింది. తమ్ముడు, అమ్మ చేతిలో సంచి, ఆవిడొచ్చిందన్న మాట, అన్నీ. మధ్యలో రెండు నెలలకోసారి వచ్చిన అమ్మకే అలా అయితే, ఏడాదిపాటు మొహమే కనపడని దానికి ఏమవుతుంది అంది. నేను వెళ్లను అత్తయ్యా అంది.

అత్త మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. మెల్లగా, చప్పుడు లేకుండా.

"ఆ కిటికీలో వాడు నిన్ను తిరిగిరావనుకున్నాడు. నువ్వేమో నేను నీ పిల్లని లాగేసుకుంటాననుకుంటున్నావు. ఇద్దరూ ఒకటే" అంది. పిచ్చుక తల వంచుకుంది. "ఇదిగో, విను. అది నన్ను అమ్మా అని పిలిస్తే నేను పలకను. నానమ్మా అంటేనే పలుకుతాను. వంద సార్లు పిలవనీ, ఏడవనీ, నేను తల తిప్పను. నా మాట మీద నమ్మకముంటే వెళ్లు. లేకపోతే ఆ రెండు జతలూ ఇలా పడెయ్, విప్పి దిండు గలేబులు కుట్టుకుంటాను."

పిచ్చుక వెళ్లింది.

ఇప్పటికి ఐదు నెలలు. అక్కడ పొద్దున్నే చాప తుడిచేది ఇప్పటికీ తనే, కొత్తగా వచ్చినవాళ్ల పని అది. గుమ్మంలో అక్కడ కూడా అదే ప్రశ్న అడుగుతారు, వాళ్ల భాషలో. నిటారుగా నిలబడి జవాబు చెబుతుంది, వాళ్లు రమ్మంటారు. రోజుకి ఆరు గంటలు పడి లేస్తుంది. వారానికి రెండుసార్లు ఫోను. మొగుడు పాప బాగుంది అంటాడు. మాస్టారు బాగుంది అంటారు. అత్తయితే దానికేం, దుక్కలా ఉంది, నిన్నే తలుస్తోంది అంటుంది. పాప ఫోనులో కాసేపు చూసి, చేతులు తొడలకి ఆనించి నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోతుంది. అందరూ బాగుందనే చెప్తారు. దూరాన ఉన్నదానికి ఇంకేం చెప్తారు? వాళ్ల మాటని పట్టుకుని పిచ్చుక ఎన్నాళ్లని ఊగులాడుతుంది?

అందుకే మిమ్మల్ని అడగడం. మీరు వాళ్లకి ఏమీ కారు కాబట్టి మీరు నిజం చెబుతారు. టైర్ల కొట్టు ఉన్న వీధిలోకి వెళ్తే, కొట్టు దాటి మూడో ఇల్లు, కిందనే, వీధి వైపు కిటికీ దగ్గర కుట్టుమిషన్ ఉంటుంది. కుట్టించుకోవడానికేదైనా పట్టుకెళ్లండి, ఎవరికీ అనుమానం రాదు. మిషన్ పక్కన బట్టముక్కలు పోగేసుకుని ఒక పిల్ల ఆడుకుంటూ ఉంటుంది. కాస్త ఆగి చూడండి. ఆ పిల్ల ఆవిడని ఏమని పిలుస్తోందో వినండి. అమ్మా అంటే, ఆవిడ తల తిప్పుతోందో లేదో చూడండి. తిప్పకుండా అలాగే కుట్టుకుంటూ ఉంటే, ఆ పిల్ల మళ్లీ మళ్లీ పిలిచి పిలిచి ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, నా మాటగా కాదు, పిచ్చుక మాటగా ఆవిడతో చెప్పండి: పలకమంది, ఏమని పిలిచినా సరే, పలకమంది.